క్లచ్ ప్లేటు మార్చినా పోని గలగల

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. బత్తాయి తోట ఉంది. మా నాయన సెకండ్ హ్యాండ్‌ల కొన్న డబుల్ క్యాబిన్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ నడుపుతున్న. పాత డీజిల్ బండి, ముందూ వెనకా కమాన్లే. ఏడాది నుంచి కింద ఎక్కడో గలగలమని చప్పుడు. స్పీడు 40 నుంచి 55 మధ్య ఉన్నప్పుడు వస్తది, 60 దాటితే వినపడది. ఏ గేరులో ఉన్నా అంతే. క్లచ్ తొక్కినా పోదు. నిలబెట్టి రేజ్ చేస్తే రాదు. శివరాత్రికి శ్రీశైలం పోయినప్పుడు దోమలపెంట దాటినంక దిగుట్ల యాక్సిలరేటర్ మీద కాలు లేకున్నా అదే చప్పుడు. కాయ లోడు వేస్తే కొంచెం తగ్గినట్టు అనిపిస్తది. మొన్న డిండి వాగు ఇసుకల ఫోర్ వీల్ వేసి నడిపితే చప్పుడే లేదు. ఒక షెడ్డులో క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు మార్చిన్రు. ఇంకో షెడ్డులో వెనక ప్రొపెల్లర్ విప్పి క్రాసులు, సెంటర్ బేరింగు మార్చిన్రు. గలగల అట్లనే ఉంది. పైగా ఇప్పుడు 70 మీద బండి అదురుతున్నది. ఇక హౌసింగ్ దించి క్రౌన్ పినియన్ మార్చాలె అంటున్నరు. ముందు చక్రాల హబ్బుల నడుమ తిప్పే బిళ్ళలున్నయి, వాటిని ఎన్నడూ ముట్టుకోలేదు. ఏం చేయమంటరు?
— ఒక బత్తాయి రైతు, దేవరకొండ

సమాధానం:

తమ్ముడూ, హౌసింగ్ (వెనక చక్రాల నడుమ గేర్లుండే గుండు) దించనియ్యకు. ఈ ఉత్తరం అచ్చయ్యే లోపలే షెడ్డుకు పోయేటట్టుంటే ఆగిపో. దాని లోపలి పెద్ద గేరు క్రౌన్, చిన్న గేరు పినియన్ రెండూ ఒకదానితో ఒకటి అరగదీసి జతగా తయారు చేసినవి. కొత్త జత వేస్తే షిమ్ములు (పలచటి రేకు వాషర్లు) పెట్టి సందు కొలవాలి, పళ్ళకు రంగు పూసి ఎక్కడ ఒత్తుకుంటున్నదో చూడాలి. ఆ ఓపిక లేని చోట బాగున్న హౌసింగ్ విప్పించుకుంటే, లేని కూత కొనుక్కుని ఇంటికి వస్తావు. పైగా నీ ఉత్తరంలో వెనక హౌసింగ్‌ను పట్టించే ఆనవాలు ఒక్కటీ లేదు. పినియన్ అరిగితే గలగలమనదు, కూస్తుంది. ఆ కూత కూడా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక తీరుగా, కాలు తీసినప్పుడు ఇంకో తీరుగా ఉంటుంది. నీ చప్పుడు దోమలపెంట దిగుట్లో కాలు తీసినా మారలేదని నువ్వే రాశావు.

నువ్వు రాసిన వరుసలు రెండు మూడు మాట్లు చదివాను. ఇప్పటికే రెండు షెడ్లలో డబ్బు పోసినవాడివి, ఇంకో నయాపైసా పోయక ముందే ఈ చప్పుడు ఎక్కడుందో తేల్చుకునే ఆధారాలు నీ దగ్గరే ఉన్నాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం.

నిలబెట్టి రేజ్ చేస్తే రాదన్నావు. క్లచ్ తొక్కినా పోదన్నావు. ఈ రెండు మాటలు వింటే క్లచ్ ప్లేటు జోలికి ఎవరూ పోకూడదు. క్లచ్ ప్లేటులో స్ప్రింగులు వదులైతే ఇంజన్ తిరుగుడును బట్టి చప్పుడు రావాలి, బండి నిలబడి ఉన్నా రావాలి, పెడల్ తొక్కగానే మారాలి. డీజిల్ ఇంజన్ నాలుగు సిలిండర్లదైతే 1500 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 50 సార్లు పేలుతుంది. ఆ కుదుపు క్లచ్ స్ప్రింగుల మీదుగా గేరు బాక్సుకు చేరి, ఖాళీగా తిరిగే పళ్ళను గలగలలాడిస్తుంది. అది పాత డీజిల్ బండ్లలో మామూలే. అయితే అది ఇంజన్ చుట్లతో వచ్చే చప్పుడు. 45 స్పీడులో మూడో గేరులో ఒక తీరుగా, నాలుగో గేరులో ఇంకో తీరుగా వినపడాలి. నీకు ఏ గేరులోనైనా ఒకటే. అంటే ఇంజన్ ఎంత తిరుగుతున్నదన్న దానితో దీనికి పని లేదు, చక్రం ఎంత తిరుగుతున్నదన్న దానితోనే పని. గేరు బాక్సు వెనక కొస నుంచి నాలుగు చక్రాల దాకా ఉన్న దాంట్లోనే దొంగ ఉన్నాడు. నీ చేత క్లచ్ కొనిపించిన వాళ్ళు పెడల్ ఒక్కసారి తొక్కి చూసి ఉంటే ఆ ఖర్చు తప్పేది. నాకు బాధ కలిగించేది అదే.

క్లచ్ తొక్కి చూసే ఈ పరీక్ష ఎవరు చేసినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బండి పోతుండగా క్లచ్ తొక్కి వినవచ్చు, ఇంజన్ మాత్రం ఆపొద్దు. ఇంజన్ ఆగితే బ్రేకు బూస్టరూ, ఉన్న బండ్లలో పవర్ స్టీరింగూ సాయం మానేస్తాయి. శ్రీశైలం ఘాటు లాంటి చోట ఆ పరీక్ష అసలే వద్దు, ఊరి బయట సమంగా ఉన్న తారు రోడ్డు చాలు.

ఇక వెనక ప్రొపెల్లర్, అంటే వెనక హౌసింగ్‌కు తిరుగుడు అందించే పొడుగు షాఫ్టు సంగతి. టూ వీల్‌లో, అంటే వెనక చక్రాలే లాగేటప్పుడు, బండి బరువంతా లాగేది వెనక షాఫ్టే. యాక్సిలరేటర్ తొక్కితే దాని వదులు ఒక పక్కకు ఒత్తుకుంటుంది, కాలు తీస్తే రెండో పక్కకు ఒత్తుకుంటుంది. అందుకే షాఫ్టు కొసల్లోని వంగే జాయింటు, అంటే వెనక క్రాసు, అరిగితే కాలు మార్చిన ప్రతిసారీ 'టక్' మంటుంది, గేరు వేసి కదిలేటప్పుడు మరీ గట్టిగా తెలుస్తుంది. ఎడతెగని గలగల దాని స్వభావం కాదు. నీకు కాలు పెట్టినా తీసినా తేడా లేదు. లాగుడు పడని, ఊరికే తిరుగుతున్న వస్తువే ఇట్లా మోగుతుంది.

టూ వీల్‌లో లాగుడు లేకుండా ఊరికే తిరిగేది ముందు వరుస, అంటే ముందు చక్రాలను తిప్పడానికి పెట్టిన సామాను.

హబ్బుల నడుమ బిళ్ళలున్నాయనీ, వాటిని ఎన్నడూ ముట్టలేదనీ రాశావు చూడు, నీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నింటికంటే విలువైన మాట అదే. అవి లాకింగ్ హబ్బులు. వాటి మీద ఫ్రీ, లాక్ అని రెండు గుర్తులుంటాయి, మట్టి గీకితే కనిపిస్తాయి. లాక్‌లో ఉంటే చక్రమూ లోపలి యాక్సిల్ షాఫ్టూ ఒకటైపోతాయి. ఫ్రీలో పెడితే చక్రం ఒక్కటే తిరుగుతుంది, లోపలివన్నీ నిలబడిపోతాయి. నీకు ఫోర్ వీల్ వేయగానే ఇసుకలో పని చేసిందంటే రెండూ లాక్‌లోనే ఉండి ఉంటాయి, పాత యజమాని అట్లాగే వదిలేసి ఉంటాడు. అంటే నువ్వు దేవరకొండ నుంచి కొండమల్లేపల్లి, మాల్ మీదుగా బాటసింగారం పండ్ల మార్కెట్‌కు కాయ తీసుకుపోయే ప్రతిసారీ ముందు యాక్సిళ్ళు, ముందు డిఫరెన్షియల్ (ముందు హౌసింగ్‌లోని గేర్లు), ముందు ప్రొపెల్లర్, తిరుగుడును ముందుకూ వెనకకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో ముందు వైపు తిరిగే భాగాలు — అన్నీ ఏ పనీ లేకుండా తిరుగుతూనే ఉన్నాయి. ముందు చక్రాలే వాటిని తిప్పుతున్నాయి. ఇంజన్‌కూ వాటికీ టూ వీల్‌లో సంబంధం లేదు కాబట్టి క్లచ్ తొక్కినా, గేరు మార్చినా, కాలు తీసినా చప్పుడు మారదు. ఫోర్ వీల్ వేస్తే ఆ షాఫ్టు మీద లాగుడు పడుతుంది, వదులు ఒక పక్కకు ఒత్తుకుంటుంది, గలగల ఆగిపోతుంది. నీ ఆనవాళ్ళు అన్నీ ఒక్క చోటికే వస్తున్నాయి.

40 నుంచి 55 మధ్యే ఎందుకు అని నీకు అనిపించవచ్చు. నీలాంటి బండి టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు పోతుంది. 45 స్పీడులో చక్రం సెకనుకు ఆరు చుట్లకు కాస్త తక్కువ తిరుగుతుంది. హౌసింగ్ నిష్పత్తి 4 చుట్టుపక్కల (చక్రం ఒక చుట్టుకు ప్రొపెల్లర్ నాలుగు చుట్లు) అనుకుంటే ప్రొపెల్లర్ దాదాపు 23 చుట్లు తిరుగుతుంది. వదులైన క్రాసో, వదులైన స్ప్లైనో (షాఫ్టు పొడుగు సర్దుకునే జారుడు పళ్ళ జోడు) ఒకానొక వేగం దగ్గరే బాగా కొట్టుకుంటుంది. అంతకంటే వేగం పెరిగితే తిరుగుడు విసురుకే వదులు భాగం ఒక పక్కకు అతుక్కుని మౌనంగా ఉంటుంది, లేదా గాలి, టైరు చప్పుళ్ళలో కలిసిపోతుంది. 60 దాటితే పోయింది కదా అని అది బాగైనట్టు కాదు.

లోడు వేస్తే తగ్గిందన్న మాటను మాత్రం నేను ఎక్కువ పట్టించుకోను. లోడు మీద ఇంజన్ గట్టిగా అరుస్తుంది, కింది చప్పుడు చెవికి సరిగా అందదు. ఇసుక సంగతిలో కూడా ఒక అనుమానం మిగిలే ఉంది. వాగులో నువ్వు 40 స్పీడులో నడిపి ఉండవు, ఇసుక చప్పుడును మింగేసి ఉండవచ్చు. అందుకే ఊహ మీద ఆగకుండా పరీక్ష పెట్టాలి.

మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. బండిని చదును నేల మీద పెట్టు, లివరు టూ వీల్‌లో ఉంచు, రెండు ముందు హబ్బులనూ ఫ్రీలోకి తిప్పు. ఏళ్ళ తరబడి కదలని బిళ్ళ బిగుసుకుపోయి ఉంటుంది. తుప్పు వదిలే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయి, చక్రాన్ని కాస్త ముందుకూ వెనక్కూ కదిలించి తిప్పు. పైపు రెంచి పెట్టి మెలితిప్పకు, లోపలి స్ప్రింగూ బిళ్ళ పళ్ళూ విరుగుతాయి. అప్పుడు ఆ హబ్బు సగం లాకులో నిలిచిపోతుంది, ఇప్పుడున్న దానికంటే పెద్ద తలనొప్పి. రెండూ ఒకే గుర్తు మీదకు వచ్చాయో లేదో చూసుకో. ఒక పక్క లాక్, ఇంకో పక్క ఫ్రీ ఉంటే ముందు డిఫరెన్షియల్‌లో చిన్న గేర్లు ఆగకుండా తిరుగుతుంటాయి. అవి మలుపుల్లో కాసేపు తిరగడానికి పెట్టినవి, రోజూ దూరాలు అట్లా తిరిగితే అరిగిపోతాయి.

ఫ్రీ అని బిళ్ళ చూపించినంత మాత్రాన లోపల వదిలిందని నమ్మకు. వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టి, ముందు ఒక చక్రాన్ని జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పు. ఫ్రీలో ఉంటే చక్రం హాయిగా తిరగాలి, లోపల యాక్సిల్ షాఫ్టు గానీ ప్రొపెల్లర్ గానీ కదలకూడదు, గరగరమని పళ్ళ మీద పళ్ళు జారే చప్పుడు రాకూడదు. ఆ గరగర వస్తే దొంగ హబ్బులోనే ఉన్నాడన్నమాట. సగం పట్టిన హబ్బు రోడ్డు మీద సరిగ్గా నువ్వు చెప్పిన చప్పుడే చేయగలదు. హబ్బు విప్పి పాత గ్రీజు కడిగి, పళ్ళూ స్ప్రింగూ చూసి, కంపెనీ చెప్పిన గ్రీజు పలచగా పూసి బిగిస్తే తీరిపోవచ్చు. అందులో గ్రీజు దట్టంగా కూరొద్దు, బిళ్ళ కదలకుండా పోయేది ఎక్కువసార్లు దాని వల్లే.

రెండు హబ్బులూ నిజంగా ఫ్రీలో ఉన్నాయని తేలాక, నీకు చప్పుడు వచ్చే రోడ్డు మీదే, ఖాళీ బండితో, 40 నుంచి 55 మధ్య నడుపు. కిటికీలు దించి ఒకసారి, ఎత్తి ఒకసారి. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకో, వినే పని వాళ్ళకు అప్పజెప్పు, నువ్వు రోడ్డు చూడు. వెనక తొట్టిలో మనిషిని కూర్చోబెట్టి చెవి ఆనించి వినమనే అలవాటు మన దగ్గర ఉంది, అది మానుకోవాలి.

గలగల పోయిందనుకో. అప్పుడు దొంగ ముందు వరుసలో ఉన్నట్టు రుజువైంది. ఇక ఆ వరుసలో ఎక్కడున్నాడో తేల్చడానికి రెండో పరీక్ష. హబ్బులను మళ్ళీ లాక్‌లోకి తెచ్చి, ముందు ప్రొపెల్లర్‌ను విప్పేసి, టూ వీల్‌లోనే అదే రోడ్డు మీద నడపాలి. షాఫ్టు లేకుండా చప్పుడు తిరిగి వస్తే అది ముందు డిఫరెన్షియల్‌లోనో, యాక్సిల్‌లోనో, చక్రం దగ్గరి జాయింటులోనో ఉంది. రాకపోతే ఆ షాఫ్టులోనో, ట్రాన్స్‌ఫర్ కేసు ముందు కొసలోనో ఉంది. రెండు పరీక్షలతో బండి కింది భాగం మొత్తం మీద ఉన్న అనుమానం రెండు మూరల జాగాకు వచ్చేస్తుంది. షెడ్డులో గంట పని కూడా కాదు.

షాఫ్టు విప్పే ముందు రెండు కొసలా ఫ్లాంజి (బోల్టులు బిగించే పళ్ళెం) మీదా షాఫ్టు మీదా కలిపి పెయింటుతో గీత పెట్టమను. ఏ బోల్టు ఏ రంధ్రానిదో అక్కడే పోవాలి. రెండు కొసలూ ఫ్లాంజి బోల్టులతో ఉంటేనే ఇట్లా విప్పి నడపవచ్చు. ఒక కొస జారుడుగా ట్రాన్స్‌ఫర్ కేసు లోపలికి పోయే రకమైతే విప్పగానే ఆయిల్ కారిపోతుంది, ఆ రకంలో ఈ పరీక్ష చేయకూడదు. షాఫ్టు లేనంత సేపూ ఫోర్ వీల్ లివరు ముట్టుకోవద్దు. ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగే రకం బండ్లకు ఈ పద్ధతి పనికిరాదు. నీది లివరు వేస్తేనే ఫోర్ వీల్ వచ్చే రకం కాబట్టి చెబుతున్నాను. ఇంకొకటి, బండిని స్టాండ్ల మీద లేపి గేరులో నడిపిస్తూ కింద పడుకుని వింటామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ప్రాణం కంటే చప్పుడు పెద్దది కాదు.

విప్పిన షాఫ్టును చేతిలోకి తీసుకుంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. క్రాసులో ఏ వైపూ వదులు ఉండకూడదు, ఇంత వరకు పరవాలేదు అనే కొలతే లేదు. క్రాసు నాలుగు కొసల మీది గిన్నెల అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల సూది బేరింగులు ఎండిపోయి అరిగాయని అర్థం. కదిలిస్తే ఒక చోట గట్టిగా, ఇంకో చోట వదులుగా తగిలినా అది పోయినట్టే. నడుమ జారే స్ప్లైన్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడాలి. రవ్వంత కదలిక సహజం, చప్పుడు చేస్తూ ఊగితే అరిగిపోయింది. కొన్ని బండ్లకు ముందు షాఫ్టు ట్రాన్స్‌ఫర్ కేసు వైపు కొసన రెండు క్రాసులు పక్కపక్కనే ఉండే జంట జాయింటు ఉంటుంది. దాని నడుమ ఒక చిన్న గుండు ఉంటుంది, దానికి గ్రీజు కొట్టే నిప్పల్ బయటికి సులువుగా కనపడదు, కొన్నింటికి నిప్పలే ఉండదు. గ్రీజు కొట్టేవాళ్ళు కనపడిన నిప్పళ్ళకు కొట్టి పోతారు, అది ఏళ్ళ తరబడి ఎండుతుంది. ముందు కిచకిచమని మొదలై తర్వాత గలగలకు వస్తుంది. నీ బండికి ఆ రకం జాయింటు ఉంటే నా మొదటి అనుమానం దాని మీదే.

షాఫ్టు బాగుంటే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు ఫ్లాంజిని పట్టుకుని ఊపి చూడమను. అటూ ఇటూ ఊగితే బేరింగు పోయింది. గొలుసుతో నడిచే కేసైతే, సాగిన గొలుసు ఫోర్ వీల్‌లో గట్టిగా లాగినప్పుడే ఎక్కువగా కొట్టుకుంటుంది. నీకు ఇసుకలో చప్పుడు లేదు కాబట్టి గొలుసును చివరి అనుమానంగానే పెట్టుకుంటాను.

హబ్బులు ఫ్రీలో పెట్టాక కూడా గలగల అట్లాగే ఉంటే నేను చెప్పిన ముందు వరుస కథను పక్కన పెట్టేయాలి. అప్పుడు చూడాల్సినవి చిన్నచిన్నవి, చాలామంది చివరికి గానీ చూడనివి. బ్రేకు పెడల్ మీద కాలు రవ్వంత ఆనించి నడుపు, చప్పుడు ఆగితే బ్రేకు సామాను వదులుగా ఉంది. తొట్టి కింద స్టెప్నీని ఎత్తి పట్టే గొలుసు, సైలెన్సర్ మీది రేకు, హ్యాండ్ బ్రేకు కేబులు, కమాను పట్టీల క్లిప్పులు, సీటు వెనక జాకీ — ప్రతి ఒక్కదాన్నీ చేత్తో కొట్టి చూడు. ట్రాన్స్‌ఫర్ కేసు కింద రక్షణ రేకు ఉంటే తోటలోని మొరం రాళ్ళు దాని మీద చేరి ఉంటాయి. గేరు బాక్సు రబ్బరు మౌంటు చిరిగితే ఇనుము ఇనుముకు తగిలి కింద ఏదో పగిలినంత చప్పుడు చేస్తుంది.

ఇక నీ రెండో జబ్బు. 70 మీద అదురు. దీన్ని గలగలతో కలపొద్దు. ఇది కొత్తది, వెనక ప్రొపెల్లర్ విప్పి బిగించిన తర్వాతే వచ్చింది. ఆ షెడ్డువాళ్ళు 'పాత జబ్బే పెరిగింది, హౌసింగ్ చూడాలి' అంటున్నారేమో. విప్పక ముందు లేనిది, విప్పిన తర్వాత వచ్చిందంటే విప్పిన చోటే వెతకాలి.

క్రాసు జాయింటుకు పుట్టుకతోనే ఒక గుణం ఉంది. వంపులో తిరిగినప్పుడు, ఒక పక్క సమంగా తిరుగుతున్నా రెండో పక్క ఒక్కో చుట్టుకు రెండుసార్లు వేగం పెంచుకుని, రెండుసార్లు తగ్గించుకుంటుంది. షాఫ్టు ఇంకో కొసన ఉన్న క్రాసు ఆ హెచ్చుతగ్గును సరిగ్గా తిరగేసి రద్దు చేస్తుంది. అది జరగాలంటే షాఫ్టు రెండు కొసలా క్రాసును పట్టుకునే యోకుల చెవులు ఒకదానికొకటి సరైన వరుసలో ఉండాలి. స్ప్లైన్ దగ్గర షాఫ్టును రెండు ముక్కలుగా లాగి, తిరిగి దూర్చేటప్పుడు ఒక్క పన్ను అటో ఇటో తప్పితే చాలు, రద్దు కావాల్సింది మిగిలిపోతుంది. 70 స్పీడులో షాఫ్టు సెకనుకు 35 చుట్ల దాకా తిరుగుతుంది. అంటే సెకనుకు 70 కుదుపులు. నీ సీటుకు తెలిసే అదురు అదే కావచ్చు.

వైరు బ్రష్‌తో స్ప్లైన్ రెండు వైపులా తోమించు. కంపెనీ కొట్టిన బాణం గుర్తులుంటాయి, అవి ఎదురెదురుగా ఉండాలి. గుర్తులు దొరకకపోతే షాఫ్టును పక్క నుంచి చూడమను. చాలా బండ్లలో సెంటర్ బేరింగు వెనక ముక్కకు రెండు కొసల చెవులూ ఒకే వరుసలో ఉంటాయి. వరుస సరిగానే ఉంటే కొత్త క్రాసులు చూడాలి. సుత్తితో కొట్టి ఎక్కించేటప్పుడు ఒక సూది జారి గిన్నె అడుగున పడితే జాయింటు బిగుసుకుపోతుంది, చేత్తో వంచితే తెలుస్తుంది. గ్రీజు గన్ను పెట్టి కొడితే నాలుగు గిన్నెల నుంచీ గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచే వస్తే నాలుగోది ఎండి ఉన్నట్టు. క్రాసు గిన్నెలను పట్టే లాకులు గాడిలో పూర్తిగా కూర్చున్నాయా, సెంటర్ బేరింగు బ్రాకెట్ కింద పాత షిమ్ములు ఉన్నవి ఉన్నట్టే పెట్టారా అడుగు. షాఫ్టు గొట్టం మీద అతికించిన చిన్న ఇనుప బిళ్ళ ఒకటి రాలిపోయిన మచ్చ కనిపిస్తే అది బ్యాలెన్సింగ్ బిళ్ళ. అప్పుడు హైదరాబాద్‌లో షాఫ్టు బ్యాలెన్సింగ్ చేసే మిషన్ దగ్గరికి పంపాల్సిందే. అన్నింటికంటే ముందు షాఫ్టునూ రిమ్ముల లోపలి వైపునూ కడిగి చూడు, ఎండిన నల్లరేగడి పెళ్ళ ఒక పక్క అతుక్కున్నా ఇదే అదురు వస్తుంది.

వెనక షాఫ్టు విప్పే రోజు చక్రాలకు రాళ్ళు తప్పకుండా పెట్టించు. కొన్ని పాత జీపు రకం బండ్లకు హ్యాండ్ బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక కొస మీదే ఉంటుంది. షాఫ్టు విప్పితే హ్యాండ్ బ్రేకూ ఉండదు, గేరులో పెట్టినా బండి ఆగదు.

డిండి వాగులో దిగావన్నావు కాబట్టి ఇంకొక పని. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. పైన గాలి పోయే గొట్టం మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ళ సందుల్లోంచి నీళ్ళు లాక్కుంటుంది. ముందు, వెనక హౌసింగ్‌లకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ లెవెల్ బోల్టు విప్పి ఆయిల్ చూడు. పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి, వెంటనే మార్చాలి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద సన్నటి బూడిద పేస్టు ఉంటే భయపడకు, అది మామూలు అరుగుదలే. ఇనుప పెళ్ళలు దొరికితే మాత్రం అప్పుడు హౌసింగ్ విప్పే మాట మాట్లాడుకోవచ్చు. ఆయిల్ రకం బండి పుస్తకం చూసి పోయించు. హౌసింగ్‌కు పోసేది, గేరు బాక్సుకు పోసేది ఒకటి కాకపోవచ్చు. కొన్ని ట్రాన్స్‌ఫర్ కేసులకు ఆటోమేటిక్ గేరు బాక్సుల్లో వాడే పలచటి ఆయిలే పోయాలి. అన్నింటికీ ఒకే డబ్బాలోంచి పోసే షెడ్డులో నీ బండి పెట్టకు.

పరీక్షలో గలగల పోతే, సామాను దొరికే దాకా హబ్బులు ఫ్రీలో పెట్టుకుని కాయ నిశ్చింతగా తోలుకో. తోట బురదలోకో వాగులోకో దిగే ముందు మాత్రం బండి దిగి రెండు హబ్బులూ లాక్ చేయాలి. మరిచిపోయి లో గేరు ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలకు ఏమీ అందదు, బరువంతా వెనక యాక్సిళ్ళ మీదే పడుతుంది, అవి విరిగే ప్రమాదం ఉంది. రిపేరు అయిపోయాక కూడా ఫ్రీలోనే నడుపు. నెలకొకసారి లాక్ చేసి కొన్ని కిలోమీటర్లు టూ వీల్‌లో పోనిస్తే లోపలి పళ్ళకూ సీళ్ళకూ ఆయిల్ తగులుతుంది. ఫోర్ వీల్ లివరు మాత్రం ఎండిన తారు రోడ్డు మీద వేయొద్దు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోతాయి, ఆ తేడాను సర్దేది నీ బండిలో లేదు, లోపల షాఫ్టులు మెలితిరుగుతాయి.

షెడ్డుకు పోయినప్పుడు 'చప్పుడొస్తుంది, చూడండి' అని తాళం ఇచ్చి రావొద్దు. 'హబ్బులు ఫ్రీలో పెడితే ఇట్లా, లాక్‌లో పెట్టి ముందు షాఫ్టు విప్పితే ఇట్లా' అని కాగితం మీద రాసి ఇవ్వు. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని ఆ చప్పుడు వినిపించి, ఆ తర్వాతే పానా పట్టనివ్వు. మంచి మేస్త్రీ దానికి సంతోషిస్తాడు. వినడానికి బండి ఎక్కను, సామాను తెచ్చుకో అనే చోట నుంచి బండి వెనక్కి తిప్పుకో. మార్చిన పాత సామాను అడిగి తీసుకో. విప్పిన పాత క్రాసులు నీ దగ్గర ఉంటే చేత్తో వంచి చూడు, వాటిలో వదులు లేకపోతే అవి మార్చాల్సిన అవసరమే లేకపోయిందని నీకే తెలుస్తుంది.

మొదటి పరీక్ష ఈ వారంలోనే చెయ్యి. హబ్బులు ఫ్రీలో ఉన్నప్పుడు గలగల పూర్తిగా పోయిందా, గరగరగా మారిందా, అట్లాగే ఉందా అన్నది రాయి. దాంతో పాటు ముందు షాఫ్టు రెండు కొసలూ, వెనక షాఫ్టు స్ప్లైన్ దగ్గరి గుర్తులూ కనపడేటట్టు ఫోటోలు తీసి పంపు. ఏ సామాను కొనాలో, ఏది కొనక్కర్లేదో వాటిని చూసి చెబుతాను.